కింగ్ 1967 నాటి యుద్ధ వ్యతిరేక ప్రసంగం ఇంతకాలం ఎలా నిలిచింది? పిల్లలకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: విజయనగరం టీచరు

సభ్యులందరికీ నమస్కారం.

నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. వక్తృత్వ పోటీలకు ముందు పిల్లలతో పేరున్న ప్రసంగాలు చదివించడం ఏటా ఉన్న అలవాటే. అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది 1963లో వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు దాదాపు రెండున్నర లక్షల మంది ఎదుట ‘నాకో కల ఉంది’ అంటూ ఆయన చేసిన ప్రసంగం. ఈ ఏడు దాన్ని పక్కన పెట్టి, 1967 ఏప్రిల్ 4న న్యూయార్కులోని రివర్‌సైడ్ చర్చిలో వియత్నాంలో అమెరికా నడుపుతున్న యుద్ధానికి వ్యతిరేకంగా ఆయన చేసిన ప్రసంగాన్ని ఎంచుకున్నాను. దాని ధ్వనిముద్రణ దొరుకుతుంది. దాదాపు గంటసేపు సాగుతుంది. అందులోంచి పది నిమిషాల భాగాన్ని తరగతిలో వినిపించాను.

కలల ప్రసంగంలో ఉన్న పాట లాంటి ఊపు ఇందులో లేదు. చేతిలోని కాగితం చూసి చదువుతున్న మనిషి గొంతు అది. ప్రతి మాటకూ తానే పూచీ పడతానన్నట్టు ఆగి ఆగి నడుస్తుంది. మొదట్లో వెనక బెంచీల్లో గుసగుసలు వినిపించాయి. నల్ల కుర్రాళ్లూ తెల్ల కుర్రాళ్లూ కలిసి ఒక పేద పల్లెలో గుడిసెలు తగలబెడుతున్న దృశ్యాన్ని టీవీలో చూస్తున్నామని, చికాగోలో మాత్రం ఆ కుర్రాళ్లే ఒక వీధిలో ఇరుగుపొరుగుగా ఉండలేరని ఆయన అన్న చోట తరగతి మొత్తం నిశ్శబ్దమైపోయింది. నేను ఆపకుండానే ఆ నిశ్శబ్దం వచ్చింది.

ఆ తరవాత రెండు ప్రశ్నలు ఎదురయ్యాయి. రెండింటికీ నాకు తృప్తినిచ్చే జవాబు చెప్పలేకపోయాను. మొదటిది అడిగిన అబ్బాయి అన్నయ్య సైన్యంలో ఉన్నాడు. ‘మేడం, అక్కడ సైనికులు ప్రాణాలకు తెగించి నిలబడి ఉంటే, ఇక్కడ సభ పెట్టి ఆ యుద్ధం తప్పని చెప్పడం వాళ్లను అవమానించడం కాదా?’ అని అడిగాడు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. రెండోది ఒక అమ్మాయి అడిగింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, అదే ఏప్రిల్ 4న, మెంఫిస్‌లో ఆయనను కాల్చి చంపారు కదా, ఆ తేదీ కలవకపోతే ఈ ప్రసంగం ఎవరికైనా గుర్తుండేదా అన్నది ఆమె సందేహం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఈ ప్రసంగం పోటీకి వద్దని, యుద్ధం ఊసెత్తితే లేనిపోని గొడవలు వస్తాయని నాకు సూచన అందింది. ఆ సూచన ఎవరిదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పోటీలో చదివించకపోయినా తరగతిలో చెప్పదలిచాను. అరవై ఏళ్లు కావస్తున్నా ఈ ప్రసంగంలో ఇంకా వేడి ఎందుకుందో, దాన్ని పదహారేళ్ల పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో, తెలిసినవారు కాస్త వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

జవాబు 1: విశ్రాంత ఉపన్యాసకుడు, శ్రీకాకుళం

అమ్మా, ముందుగా మీ విద్యార్థిని ప్రశ్న తీసుకుంటాను. అలాంటి ప్రశ్న అడిగే పిల్ల తరగతిలో ఉండడం ఏ మాస్టారికైనా భాగ్యమే.

ఆ తేదీ వల్ల ఈ ప్రసంగం మీద మన చూపు పడుతుంది, అది నిజం. అయితే చూపు పడినంత మాత్రాన నిలబడదు. ఒకసారి అప్పటి పరిస్థితిని తలుచుకోండి. కింగ్ అప్పటికే 1964 నోబెల్ శాంతి బహుమతి గ్రహీత. 1965లో ఓటు హక్కు చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేస్తున్నప్పుడు పక్కనే ఉన్నవాడు. పౌరహక్కుల విషయంలో అంతకన్నా పెద్ద అండ ఆయనకు దొరకదు. ఆ జాన్సన్ నడుపుతున్న యుద్ధాన్నే, సుమారు మూడు వేల మంది కూర్చున్న చర్చిలో నిలబడి, ఆయన తప్పు పట్టాడు. మూడు రోజులు గడవకుండానే న్యూయార్క్ టైమ్స్ అది డాక్టర్ కింగ్ చేసిన పొరపాటంటూ సంపాదకీయం రాసింది. తన ఉద్యమానికీ దేశానికీ తన ప్రజలకూ ఆయన వల్ల కలిగే ఉపయోగాన్ని ఆయనే తగ్గించుకున్నాడని వాషింగ్టన్ పోస్ట్ రాసింది. ఆ వారంలోనే నల్లజాతివారి పెద్ద సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. కూడా, పౌరహక్కుల ఉద్యమాన్ని శాంతి ఉద్యమంతో కలపడం వ్యూహాత్మకంగా తప్పని తీర్మానించింది. శత్రువులు తిడితే ఎవరైనా తట్టుకుంటారు. అయినవాళ్లే తప్పన్నప్పుడు నిలబడడమే కష్టం. ఆయన వెనక్కి తగ్గలేదు. పది రోజులు దాటగానే, ఏప్రిల్ 15న, న్యూయార్కులో సెంట్రల్ పార్కు నుంచి ఐక్యరాజ్యసమితి దాకా సాగిన ఊరేగింపులో ముందు నడిచాడు.

ఇక ప్రసంగం లోపలికి వస్తాను. అసలు బలం అక్కడే ఉంది. ‘నీది పౌరహక్కుల పని కదా, యుద్ధంతో నీకేం పని?’ అని అందరూ అడుగుతున్న ప్రశ్ననే ఆయన ముందు పెట్టుకున్నాడు. ఆ అడిగేవాళ్లకు తన గురించి తెలియదన్నమాట అని బాధపడి, తరవాత ఏడు కారణాలు వరసగా చెప్పాడు. ఆ ఏడింటిలో మొట్టమొదటిది డబ్బు సంగతి కావడం గమనించండి. 1964లో జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించినప్పుడు, నలుపూ తెలుపూ తేడా లేకుండా పేదవాళ్లకు ఏదో మంచి రోజు రాబోతోందనిపించింది. ఈలోగా వియత్నాంలో సేనలు పెరిగాయి, ఆ పేదల పథకం కళ్లముందే చితికిపోయింది. యుద్ధం ఒక రాక్షస గొట్టంలా మనుషులనూ నైపుణ్యాలనూ డబ్బునూ పీల్చేస్తున్నంతకాలం పేదవాడి ఇంటికి ఏదీ చేరదని తనకు అర్థమైందని, కాబట్టి యుద్ధాన్ని పేదల శత్రువుగానే చూడక తప్పలేదని చెప్పాడు. ఇది వేదిక మీది ఆవేశం కాదు, ఇంటి జమాఖర్చు రాసుకునే ఇల్లాలి లెక్క. ఆవేశం ఆ తరానితోనే చల్లారుతుంది. ఇలాంటి లెక్కను ఏ తరం వాళ్లయినా తమ అంకెలు వేసుకుని మళ్లీ సరిచూసుకోవచ్చు, అందుకే ఈ ప్రసంగం పాతబడదు.

రెండో కారణం మీరు తరగతిలో విన్న భాగమే. అమెరికాలోని నైరుతి జార్జియాలోనూ న్యూయార్కులోని తూర్పు హార్లెంలోనూ తమకే దొరకని స్వేచ్ఛను ఆగ్నేయాసియాలో నిలబెట్టి రమ్మని నల్ల కుర్రాళ్లను ఎనిమిది వేల మైళ్ల దూరం పంపుతున్నామని అన్నాడు. ఆ ఊళ్ల పేర్లను పిల్లలకు పటంలో చూపించండి. స్వేచ్ఛ, సమానత అన్న పెద్ద మాటలతో సరిపెట్టకుండా ఊరి పేరు, వాడ పేరు చెప్పడం ఆయన పద్ధతి.

మూడో సంగతి చాలామంది దాటేస్తారు. నాకు మాత్రం అదే అన్నిటికన్నా విలువైనది. ప్రసంగం నడుమ ఆయన వియత్నాం రైతు పక్కకు వెళ్లి కూర్చుని, అక్కడి నుంచి మాట్లాడతాడు. 1945లో ఆ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకుంటూ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలనే వాడుకున్నదని, అయినా అమెరికా వాళ్లను గుర్తించక, ఆ దేశాన్ని అంతకుముందు ఏలిన ఫ్రాన్సుకు సాయపడిందని, చివరికి ఫ్రాన్సు యుద్ధ ఖర్చులో 80 శాతం అమెరికాయే భరించిందని గుర్తు చేస్తాడు. తమ నీళ్లలో విషం కలిపి, తమ పంటలు చంపి, తమను విముక్తి చేస్తున్నామంటున్న ఈ వింత విమోచకులను ఆ రైతు ఏమనుకోవాలని అడుగుతాడు. ఎదుటి పక్షం మాటను ఎదుటి పక్షం నోటితోనే వినిపించిన ఉపన్యాసాలు నేను చదివినవాటిలో బహు కొద్ది.

చివరగా, ఆయన మెంఫిస్‌కు ఎందుకు వెళ్లాడో కూడా మీ పిల్లలకు చెప్పండి. 1968 ఫిబ్రవరిలో అక్కడ చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు పారిశుధ్య కార్మికులు చనిపోయారు. దాదాపు 1,300 మంది కార్మికులు ‘నేనూ మనిషినే’ అని రాసిన అట్టలు పట్టుకుని సమ్మెకు దిగారు. కింగ్ వాళ్ల కోసం వెళ్లి, వాళ్ల ఊళ్లోనే ప్రాణం విడిచాడు. ఏడాది కిందట చర్చిలో యుద్ధానికీ పేదరికానికీ ఉన్న లంకె చెప్పినవాడు, ఏడాది తరవాత చెత్త ఎత్తే మనిషి పక్కన నిలబడి పోయాడు. తేదీలు కలవకపోయినా ఆ రెండు పనులూ ఒకదాని వెంట ఒకటి వచ్చేవే.

జవాబు 2: మాజీ హవల్దారు, సోంపేట వైపు

టీచరమ్మకు, మాస్టారికి నమస్కారం. నేను సైన్యంలో పనిచేసి వచ్చినవాడిని. మొదటి ప్రశ్న వేసిన బాబుకు నేను చెప్పగలననిపించి రాస్తున్నాను.

మా వైపు ఊళ్లలో తెల్లవారుజామున నాలుగున్నరకే రోడ్డు మీద పరుగు చప్పుడు వినిపిస్తుంది. సైన్యంలో ఎంపిక కోసం 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో ముగించాలని, ఒకడు చేతిలో ఫోను పట్టుకుని సమయం చెబుతుంటే మిగతావాళ్లు ఊపిరి బిగబట్టి పరుగెత్తుతారు. సగం మందికి బూట్లు ఉండవు, ఉన్నవాటికి అడుగు అరిగిపోయి ఉంటుంది. ఆ పిల్లల్లో దేశభక్తి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాకపోతే ఇంట్లో రెండెకరాల పొలం కూడా లేకపోవడం, అక్క పెళ్లి అప్పు తీరకపోవడం కూడా ఆ పరుగులో ఉన్నాయి. నేనూ ఆ రోడ్డు మీద పరుగెత్తినవాడినే. నా పేరు, నంబరు తెల్ల రంగుతో రాసిన ఇనప పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో మంచం కిందే ఉంది. మా అమ్మ అందులో బియ్యం పోసుకునేది.

ఈ ప్రసంగాన్ని మొదటిసారి మా అమ్మాయి చదివి తెలుగులో చెప్పింది. సైనికుడిని కించపరిచే మాట ఎక్కడ వస్తుందా అని చెవి ఒగ్గి విన్నాను, ఎక్కడా రాలేదు. పైగా, మిగతా ఎవరి గురించి బాధపడుతున్నానో మన సైనికుల గురించి కూడా అంతే బాధపడుతున్నానని ఆయన విడిగా చెప్పాడు. ఏ యుద్ధంలోనైనా మనిషి రాటుదేలిపోవడం ఉంటుంది, ఇక్కడ మాత్రం తాము దేనికోసం పోరాడుతున్నామని చెప్పారో అది అక్కడ లేదని వెళ్లిన కొద్ది రోజులకే వాళ్లకు తెలిసిపోతుంది, చావుకు తోడు ఈ నమ్మకం చచ్చిపోవడాన్ని కూడా వాళ్ల నెత్తిన పెడుతున్నామని అన్నాడు. యూనిఫాం వేసుకున్నవాడికి ఈ మాట ఎంత లోతుగా తగులుతుందో నేను రాయలేను. మనం చేసే పనికి అర్థం ఉందన్న నమ్మకంతోనే చలిలో కాపలా కాస్తాం, ఆ నమ్మకం మాకు జీతం కన్నా పెద్దది. దాన్ని కాపాడమని అడిగినవాడు సైనికుడికి శత్రువు ఎలా అవుతాడు?

అయితే టీచరమ్మకు ఒక మనవి. ఆ ప్రసంగంలోని ప్రతి మాటనూ తెచ్చి మన సరిహద్దుకు అంటించవద్దు. ఎనిమిది వేల మైళ్ల దూరంలో ఇంకొకరి దేశానికి సేనలు పంపడం వేరు, 1999లో కార్గిల్ కొండల మీదికి ఎక్కి వచ్చినవాళ్లను దింపడం వేరు. కింగ్ అడిగిన అయిదు కోరికలూ చూడండి: బాంబులు ఆపాలి, తన వైపు నుంచే కాల్పుల విరమణ ప్రకటించాలి, థాయిలాండులో సేనల పెంపూ లావోసులో జోక్యమూ మానాలి, దక్షిణ వియత్నాంలో పోరాడుతున్న జాతీయ విమోచన ఫ్రంటును చర్చల్లో కూర్చోబెట్టాలి, వియత్నాంలో పోరు ఆపడానికి కుదిరిన 1954 జెనీవా ఒప్పందం ప్రకారం బయటి సేనలు వెళ్లిపోయే తేదీ చెప్పాలి. ఇవన్నీ ఆ ఒక్క యుద్ధానికి సంబంధించినవి. అంత నిర్దిష్టంగా చెప్పాడు కాబట్టే నాకు ఆయన మీద గురి కుదిరింది. ఊరికే శాంతి శాంతి అనడం ఎవరికైనా సులభం.

మన దగ్గరికి తేదగినది ఒకటే, ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్న ప్రశ్న. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన తీరపు మత్స్యకారులు 2018 చివర పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని అక్కడ పట్టుబడి, ఏడాదికి పైగా జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటు అడుగు పెట్టారు. ఇరవై మంది. ఊళ్లో పని లేక అంత దూరం పోయినవాళ్లు వాళ్లు. రెండు దేశాల నడుమ వేడి పెరిగినప్పుడు ముందు కాలేది ఎవరి చేతులో బాబుకు ఇది చెబితే తెలుస్తుంది. వాళ్ల అన్నయ్య క్షేమంగా ఉండాలని నా తరఫున చెప్పండి.

జవాబు 3: పరిశోధక విద్యార్థి, ఎచ్చెర్ల

మేడం గారికి నమస్కారం. మాస్టారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒకచోట నా అభిప్రాయం వేరని విన్నవించుకుంటున్నాను. కింగ్ వెనక్కి తగ్గలేదని ఆయన రాశారు. ఏప్రిల్ 4 తరవాత తగ్గని మాట నిజమే. కానీ అంతకుముందు తగ్గాడు. ఈ ప్రసంగం బలమంతా నాకు ఆ సంగతిలోనే కనిపిస్తుంది.

1965లోనే ఆయన వియత్నాంలో చర్చలు జరపాలని బహిరంగంగా అన్నాడు. విమర్శలు రావడంతో, ఉద్యమానికి నష్టం కలుగుతుందని సహచరులు చెప్పడంతో గొంతు తగ్గించాడు. ఆయన భార్య కొరెట్టా మాత్రం శాంతి సభలకు వెళుతూనే ఉన్నారు. 1965లో వియత్నాం బౌద్ధ భిక్షువు తిక్ నాట్ హన్ ఆయనకు ఉత్తరం రాశాడు, మరుసటి ఏడు కలిశాడు. 1966 జనవరిలో విద్యార్థుల ఉద్యమ సంస్థ ఎస్.ఎన్.సి.సి. యుద్ధాన్ని ఖండించింది. అంటే, ఇంటిదానికన్నా, తన తరవాతి తరం కుర్రవాళ్లకన్నా ఆయన ఆలస్యంగా వచ్చాడు. 1967 మొదట్లో ఒక పత్రికలో నాపాం అనే మంటల బాంబులతో కాలిపోయిన వియత్నాం పిల్లల ఫోటోలు చూశాక ఇక ఆగలేకపోయాడు. రివర్‌సైడ్ ప్రసంగపు చిత్తుప్రతిని కూడా చాలావరకు ఆయన మిత్రుడు, చరిత్రకారుడు విన్సెంట్ హార్డింగ్ రాసిపెట్టాడు.

ఇదంతా ఆయనను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ప్రసంగం మొదట్లోనే ఆయన, మౌనం ద్రోహమయ్యే వేళ ఒకటి వస్తుందన్న ఆ సభా నిర్వాహకుల మాటను తన మాటగా తీసుకుని, వెంటనే తన సొంత మౌనాల ద్రోహాన్ని ఛేదించుకుంటూ వచ్చానని ఒప్పుకున్నాడు. ఆ బహువచనం చూడండి, మౌనాలు. ఒకసారి కాదు, పదే పదే ఊరుకున్నానని అర్థం. ఇంకొక చోట, నగరాల మురికివాడల్లో కోపంతో ఉన్న కుర్రవాళ్లకు తుపాకులు వద్దని తాను నచ్చజెబితే, మరి వియత్నాం సంగతేమిటని వాళ్లు ఎదురు అడిగారని, ఆ ప్రశ్న తన గుండెల్లో దిగబడిందని చెప్పాడు. ప్రపంచంలో హింసను అందరికన్నా ఎక్కువగా పంచిపెడుతున్నది తన ప్రభుత్వమేనన్న ఘాటైన మాట అక్కడే వస్తుంది. దాన్ని విడదీసి చదివితే తిట్టులా ఉంటుంది. ఆ కుర్రవాళ్లకు జవాబు చెప్పలేక తలదించుకున్న పెద్దమనిషి మాటగా చదివితే వేరుగా వినిపిస్తుంది.

తప్పు చేయని మహాత్ముడి మాటలకు మనం దండం పెట్టి పక్కకు తప్పుకుంటాం. భయపడి, ఊరుకుని, తరవాత నోరు తెరిచిన మనిషి మాటలు మాత్రం మనల్ని వదలవు, ఎందుకంటే మనం కూడా అక్కడే ఎక్కడో ఆగి ఉన్నాం. మీకు వద్దన్న సూచన ఇచ్చినవారు కూడా చెడ్డవారై ఉండరు, అదే భయం. పిల్లలకు కొరెట్టా నుంచి మొదలుపెట్టి చెప్పమని నా సలహా.

ప్రశ్నించినవారి మాట: విజయనగరం టీచరు

ముగ్గురికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. హవల్దారు గారి జవాబు ఈ రోజు తరగతిలో చదివి వినిపించాను. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. గంట కొట్టాక వచ్చి, సైనికుల గురించి కింగ్ చెప్పిన ఆ భాగం తనకు రాసిమ్మని అడిగాడు, అన్నయ్యకు పంపుతాడట. వచ్చే వారం తరగతిలో ఆ భాగాన్ని అతనే చదువుతాడు. కొరెట్టాతో మొదలుపెట్టాలన్న సలహా కూడా పాటిస్తున్నాను. వాషింగ్టన్‌లోని కింగ్ స్మారకం గోడ మీద, అమెరికాను ప్రేమిస్తున్నాను కాబట్టే వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్నానని 1967 ఫిబ్రవరిలో లాస్ ఏంజెల్స్‌లో ఆయన అన్న మాటలు చెక్కి ఉన్నాయి. వాటిని నల్లబల్ల మీద రాసి ఉంచుతాను.

ఒక్క చిక్కు మిగిలింది. మనుషులనూ డబ్బునూ పీల్చేసే ఆ గొట్టం ఉపమానానికి మాస్టారు రాక్షస గొట్టమని రాశారు. అర్థం సరిగ్గా ఉంది కానీ పిల్లల కళ్లకు బొమ్మ కట్టడం లేదు. జలగ అందామా అంటే చిన్నదైపోతోంది. మీకేమైనా తడుతుందా?

మాజీ హవల్దారు, సోంపేట వైపు

టీచరమ్మా, ఎండాకాలంలో మా ఊరి చెరువులో ఒకరు ఆయిల్ ఇంజను పెట్టి ఒక్క చేనుకు నీళ్లు తోడుతుంటారు. గొట్టం నోరు బురదకు ఆనేదాకా ఇంజను ఆపరు. నీళ్లయిపోయాక కూడా అది గురగురమంటూ లాగుతూనే ఉంటుంది, చుట్టూ బురదలో చేపపిల్లలు కొట్టుకుంటుంటాయి. మీ పిల్లల్లో పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఉంటే, చెరువులో వేసిన ఇంజను గొట్టం అని చెప్పి చూడండి.